మట్టిలో సరస్సు, బూడిదలో అడవి

జపాన్‌లో అన్నిటికన్నా పెద్ద సరస్సు బివా. అది ఇప్పుడున్న చోట పుట్టలేదు. దాదాపు 40 లక్షల ఏళ్ల క్రితం, ఇంకా దక్షిణాన, ఇగా కొండల దగ్గర చిన్న నీటిపట్టుగా మొదలైంది. కింద నేల ఒక పక్క కుంగుతూ మరో పక్క లేస్తూ ఉంటే నీళ్లు లక్షల ఏళ్లపాటు ఉత్తరానికి జరుగుతూ వచ్చాయి. జరిగిన ప్రతిచోటా అడుగున పేరుకున్న మట్టి అక్కడే మిగిలిపోయింది. చుట్టుపక్కల గ్రానైట్ కొండలు ఎండకూ వానకూ అరిగి, వాటి పలుగురాతి రవ్వలూ ఫెల్డ్‌స్పార్ పలుకులూ ఆ మట్టిలో కలిశాయి. సరస్సు వదిలివెళ్లిన ఆ మట్టితోనే షిగరాకి అనే కొండ ఊరు 13వ శతాబ్దం నుంచి కుండలు చేస్తోంది.

చేత్తో చేసిన సిరామిక్ పాత్రలు అమ్మే చోట ఈ రోజుల్లో ఒక మాట తరచూ వినిపిస్తుంది. ఇది కొండను చూసి చేసింది, ఇది సముద్రాన్ని తలచుకుని చేసింది అంటారు. ఆ మాటను నేను కొట్టిపారేయను. కానీ చూసిన కొండ కుండలోకి ఏ దారిన వస్తుంది? కంటి నుంచి చేతికి దిగుతుందా, కాళ్ల కింది నేలలోంచి నేరుగా వస్తుందా? ఈ ప్రశ్న పట్టుకునే వరికోతలు ముగిసే రోజుల్లో మూడు ఊళ్లకు బయల్దేరాను. షిగరాకి, బిజెన్, మషికో.

షిగరాకికి క్యోటో నుంచి రైళ్లు మారుతూ వెళ్లాలి. కుసత్సులో ఒకసారి, కిబుకావాలో మరోసారి. కిబుకావా నుంచి షిగరాకి కొండలైను మొత్తం 14.7 కిలోమీటర్లే. డీజిల్ రైలు ఊరు దాటగానే అడవిలో దూరి ఎక్కడం మొదలుపెడుతుంది. దారిలో మూడింట రెండు వంతులు అయ్యాక గానీ మొదటి స్టేషన్ రాదు. ఆ స్టేషన్‌కు ఒక పాత రాజభవనం పేరు పెట్టారు. 742లో షోము చక్రవర్తి ఈ కొండల మధ్య భవనం కట్టించుకున్నాడు. నారాలో ఈనాడు లోకమంతా చూసే మహాబుద్ధ విగ్రహం పని మొదట తలపెట్టింది కూడా ఇక్కడే. కొన్నేళ్లకే రాజధాని, విగ్రహం పని రెండూ ఇక్కణ్నుంచి తరలిపోయాయి. మట్టి మాత్రం ఎక్కడికీ పోలేదు.

షిగరాకి స్టేషన్ బయట అడుగుపెట్టగానే తనుకి బొమ్మలు పలకరిస్తాయి. గడ్డి టోపీ, పెద్ద బొజ్జ, చేతిలో మద్యం సీసా పెట్టుకుని నిలబడే ఈ రక్కూన్ కుక్క బొమ్మలు వ్యాపారానికి శుభమని జపాన్ అంతటా దుకాణాల ముందు పెట్టుకుంటారు. 1951లో హిరోహితో చక్రవర్తి ఈ ఊరికి వచ్చినప్పుడు దారి పొడవునా తనుకి బొమ్మల చేతికి జెండాలిచ్చి నిలబెట్టారు. ఆ వార్తతో అవి దేశమంతటికీ తెలిశాయి. ఒసాకాలో 1970 ప్రపంచ ప్రదర్శన కోసం కళాకారుడు ఒకమోతో తారో నిలబెట్టిన సూర్య స్తంభం వెనకవైపున్న నల్ల సూర్యుడి ముఖం కూడా షిగరాకి పలకలతో చేసిందే. ఇవన్నీ చూడదగ్గవే. నేను వచ్చింది మాత్రం పాత జాడీల కోసం.

ఊరి పక్క గుట్ట మీద సిరామిక్ సాంస్కృతిక పార్కు ఉంది. దేశదేశాల కళాకారులు అక్కడ నెలల తరబడి ఉండి పని చేసుకునే ఏర్పాటూ ఉంది. అక్కడా, ఊళ్లోనూ కనిపించే పాత షిగరాకి జాడీ ముందు తీరిగ్గా నిలబడాలి. విత్తనాలు దాచుకోవడానికో, నీళ్లు పోసుకోవడానికో రైతులు వాడిన పాత్ర అది. మట్టిని తాళ్లలా చేసి, చుట్టలు చుట్టలుగా పేర్చి, ఒక మట్టు ఆరాక పైమట్టు అతికించారు. అతికిన చోట పొట్ట కాస్త ఉబ్బి ఉంటుంది. ఒళ్లంతా కాలిన ఇటుకకూ నారింజకూ మధ్య రంగు. అందులో అక్కడక్కడ తెల్లని పూసలు తేలి ఉంటాయి. అవే కొండ నుంచి అరిగి వచ్చిన ఫెల్డ్‌స్పార్ పలుకులు. 1200 డిగ్రీలు దాటిన వేడిలో సగం కరిగి పైకి ఉబికాయి. పలుగురాయి రవ్వలున్న చోట మట్టి చిట్లి, రాయి తొంగిచూస్తుంది. మెత్తని, నునుపైన మట్టి కోసం వెతికేవాళ్లు దీన్ని లోపమంటారు. ఇక్కడివాళ్లు ఆ రాళ్లను ఏరి పారేయకపోవడం వల్లే ఈ అందం మిగిలింది.

జాడీ భుజం మీద, ఒక్కవైపే, ఆకుపచ్చని గాజు ధార కారి ఉంటుంది. దాన్ని ఎవరూ పూయలేదు. కట్టెల ఆవంలో రోజుల తరబడి మంట ఉరుకుతున్నప్పుడు బూడిద దాంతోపాటు ఎగిరి కుండల మీద వాలుతుంది. కట్టె బూడిదలో సున్నం, పొటాష్ ఉంటాయి. అవి మట్టిలోని సిలికాతో కలిసి కరిగితే గాజవుతుంది. మంటకు ఎదురుగా ఉన్న భుజం మీద గాజు పట్టింది, చాటున ఉన్న వైపు ఎర్రగా మిగిలింది. ఆవంలో ఆ జాడీ ఎటు తిరిగి కూర్చుందో ఇన్ని వందల ఏళ్ల తర్వాత కూడా చూసి చెప్పేయొచ్చు. మన ఇళ్లలో ఆవకాయ పెట్టుకునే జాడీ కూడా ఇలాగే ఎక్కువ వేడిలో కాలి రాయిలా గట్టిపడిందే. కానీ దాని పూత మనిషి పూసింది, అందుకే ఏ వైపు తిప్పినా ఒక్కలా ఉంటుంది. షిగరాకి జాడీకి ముందూ వెనకా ఉన్నాయి. కొండకు ఉన్నట్టే దానికి ఎండ తగిలే వైపు, నీడ వైపు ఉన్నాయి.

ఈ జాడీలు చేసినవాళ్లు కొండను తలచుకుని చేయలేదు. విత్తనాలు పురుగు పట్టకుండా ఉంటే చాలనుకున్నారు. వాటిలో కొండను చూసింది తర్వాత వచ్చిన తేనీటి గురువులు, అంటే తేనీరు అందించడాన్ని ఒక కళగా సాధన చేసినవాళ్లు. 15వ శతాబ్దంలో మురతా జుకో, ఆ తర్వాత తకెనో జోఓ వంటివాళ్లు నాజూకైన చైనా పాత్రలకే అలవాటుపడిన తేనీటి గదుల్లోకి ఈ మోటు పాత్రలకు చోటు తెచ్చారు. రైతు ఇంటి చిన్న జాడీ పూలపాత్ర అయింది. అప్పుడే ఇది ఒక వేలంవెర్రిగా కూడా మారిందేమో, అనుభవం లేనివాళ్లు బిజెన్, షిగరాకి పాత్రలు చేతపట్టుకుని అంతా తెలిసినట్టు మాట్లాడుతున్నారని జుకో తన శిష్యుడికి రాసిన లేఖలో మందలించాడు. నాకు ఆ మందలింపు ఇప్పటికీ వర్తిస్తుందనిపిస్తుంది. మోటుదనాన్ని కావాలని అద్దుకున్న పాత్ర చేతిలోకి తీసుకోగానే తెలిసిపోతుంది.

జపాన్‌లో మధ్యయుగాల నుంచి ఆగకుండా పనిచేస్తున్న ఆరు పాత ఆవాల ఊళ్లకు 2017లో జపాన్ వారసత్వ గుర్తింపు వచ్చింది. షిగరాకి, బిజెన్, తంబా, ఎచిజెన్, సెతో, తొకొనామె. ఈ ఆరింటిలో పూత మాటే ఎత్తకుండా నేటికీ నిలబడిన ఊరు బిజెన్.

ఒకయామా నుంచి అకో లైను రైలెక్కితే ముప్పావు గంటలోపు ఇంబె స్టేషన్. బిజెన్ పాత్రలకు గుండెకాయ ఈ ఊరే. ఇళ్ల మధ్యలోంచి ఇటుక పొగగొట్టాలు లేచి ఉంటాయి. అమత్సు గుడి కప్పు పెంకులు, కాపలా సింహాలు, గోడలకు పొదిగిన పలకలు అన్నీ ఈ ఊరి మట్టే. ఊరి దక్షిణాన కొండవాలులో ఒక పాత ఆవం జాడ ఉంది, పొడవు 50 మీటర్లకు పైనే. అంత పొడవాటి ఆవాన్ని ఒక్కడు నడపలేడు. ఊరుమ్మడిగా కట్టుకుని, ఊరుమ్మడిగా కాల్చిన రోజులవి. ఇక్కడి పెద్ద బానలు పడవలెక్కి జపాన్ లోపలి సముద్రం దాటి ఊరూరా చేరేవి.

షిగరాకి మట్టి కొండది. బిజెన్ మట్టి పొలానిది. వరిమళ్ల కింద రెండు మూడు మీటర్ల లోతున నల్లగా, జిగటగా ఉండే మట్టి పొర దొరుకుతుంది. ఇనుము ఎక్కువ, కుళ్లిన ఆకూ అలమూ ఎక్కువ. తవ్వి తెచ్చి ఏళ్ల తరబడి ఎండావానలకు వదిలేస్తారు. మన కుమ్మరులు చెరువు మట్టిని నానబెట్టి, తొక్కి, రాళ్లు ఏరుకోవడం చూసినవాళ్లకు ఈ పని కొత్తగా అనిపించదు. తేడా ఆ తర్వాత వస్తుంది. ఈ మట్టి ఆరేటప్పుడూ కాలేటప్పుడూ బాగా కుంచించుకుపోతుంది, ఒక్కసారిగా వేడి తగిలితే చిట్లిపోతుంది. పూత పూస్తే నిలవదు. అందుకే పది రోజులు, రెండు వారాలు సెగను మెల్లమెల్లగా పెంచుకుంటూ పోతారు. ఆ మట్టి స్వభావమే ఆ ఊరి పద్ధతిని నిర్ణయించింది. పూత పనికిరాకపోవడం వల్లే నిప్పు గీసే గీతల మీద ఇంత శ్రద్ధ పుట్టింది.

ఇంబె వీధుల్లో దుకాణం తర్వాత దుకాణం ఎక్కి దిగుతుంటే ఈ గీతలు కళ్లకు అలవాటవుతాయి. ఎర్ర పైన్ కట్టెల బూడిద వాలి కరిగిన చోట నువ్వులు చల్లినట్టు పసుపు చుక్కలు. కాలిన బొగ్గులో కూరుకుపోయి గాలి అందని చోట బూడిద నీలం. మీద మరో పాత్ర పెట్టిన చోట గుండ్రని మచ్చ. వీటన్నిటిలోకీ నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది వరిగడ్డి గీతలు. ఆవంలో పాత్రలు ఒకదానికొకటి అతుక్కోకుండా మధ్యలో వరిగడ్డి చుట్టేవారు. ఆ గడ్డిలోని పొటాషియం మట్టిలోని ఇనుముతో కలిసి వేడికి ఎర్రటి చారలుగా తేలింది. పాలిపోయిన మట్టి రంగు మీద మంట నాలుకల్లాంటి గీతలు, ఏ రెండూ ఒక్కలా ఉండవు. అతుక్కోకుండా చేసుకున్న చిన్న జాగ్రత్త తర్వాత కాలంలో కావాలని చేసే అలంకారమైంది. మళ్లలోంచి తీసిన మట్టికి అదే మళ్లలో పండిన గడ్డి రంగేసింది. ఇంబె చుట్టూ కోసిన వరి మోళ్లు చూస్తూ ఈ పాత్రలు చేతుల్లోకి తీసుకోవడం వేరు, మ్యూజియం అద్దాల వెనక చూడడం వేరు. అందుకే ఈ ఊరికి కోతల కాలంలో వెళ్లమని చెబుతాను.

ఈ విద్య ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బాగా దెబ్బతింది. దాన్ని తిరిగి నిలబెట్టినవాళ్లలో ముందు చెప్పుకోవలసిన పేరు కనెషిగె తోయో. వందల ఏళ్ల నాటి మొమొయామా కాలపు పాత్రల రంగు ఎలా వచ్చిందో మట్టితోనూ ఆవంతోనూ ప్రయోగాలు చేసి తెలుసుకున్నాడు. 1956లో ప్రభుత్వం ఆయన్ని సజీవ జాతీయ సంపదగా గుర్తించింది. అంతకు నాలుగేళ్ల ముందు అమెరికా నుంచి వచ్చిన శిల్పి ఇసాము నొగూచి ఇక్కడికి వచ్చి ఆయన దగ్గరే పని చేసుకున్నాడు. మన దక్షిణాదికి కూడా ఈ ఊరి నుంచి ఒక దారం వచ్చింది. బిజెన్‌లో పని నేర్చుకున్న డెబోరా స్మిత్, రే మీకర్‌తో కలిసి 1971లో పుదుచ్చేరిలో గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ మొదలుపెట్టింది. ఈనాడు మన దేశంలో స్టోన్‌వేర్ చేస్తున్న ఎందరో అక్కడ చేతికి మట్టి అంటించుకున్నవాళ్లే.

బిజెన్‌కు ఒక దిగులుంది, అది చెప్పకుండా ముందుకు పోలేను. మళ్ల కింది మంచి మట్టి తరగని గని కాదు. ఎర్ర పైన్ అడవులదీ అదే కథ. అమెరికా నుంచి వచ్చిన ఒక సన్నని నులిపురుగు, దాన్ని మోసుకుతిరిగే పెంకుపురుగు కలిసి జపాన్ పైన్ చెట్లను దశాబ్దాలుగా ఎండగొడుతున్నాయి. ప్రకృతి నుంచి స్ఫూర్తి అనే మాట ఇక్కడ ఎంత బరువైనదో అప్పుడు తెలుస్తుంది. చెట్టు పోతే పాత్ర మీద ఆ పసుపు చుక్కలూ పోతాయి.

చివరి మజిలీ మషికో. టోక్యోకు ఉత్తరంగా సుమారు వంద కిలోమీటర్లు. షిమొదాతె దగ్గర మొకా రైల్వే పట్టుకుంటే పొలాల మధ్య నుంచి తీసుకెళుతుంది. సెలవు రోజుల్లో ఈ లైను మీద ఆవిరి ఇంజను నడుపుతారు. షిగరాకి, బిజెన్‌లతో పోలిస్తే మషికో పిన్న వయసుది. పక్కనే ఉన్న కసామాలో పని నేర్చిన ఒత్సుక కెయిజబురో 1853లో ఇక్కడ ఆవం పెట్టాడు. నూరుకునే గిన్నెలు, నీళ్ల బానలు, తేనీటి కూజాలు చేసి టోక్యో వంటిళ్లకు పంపడం ఈ ఊరి జీవనాధారంగా ఉండేది. మట్టి అంత గొప్పదేమీ కాదు.

ఆ తేనీటి కూజాల పొట్ట మీద ఒక కొండ, కొంత నీరు, ఒక గుడిసె, చెట్టు గీసేవారు. కుంచె నాలుగు తిప్పులు తిరిగితే బొమ్మ పూర్తి. అలా గీసినవాళ్లలో మినగావా మసు పేరు చరిత్రలో నిలిచింది. చిన్నతనంలో కుంచె పట్టిన ఆ పేదింటి ఆడమనిషి ముసలితనం దాకా రోజుకు వందల కూజాల మీద అవే కొండలు గీసింది. ఆమె కొండల్లో తిరిగి బొమ్మలు నేర్చుకోలేదు, ముందువాళ్ల చేతి నుంచి నేర్చుకుంది. అయినా ఆ గీతల్లో తడబాటు లేదు, ప్రదర్శన లేదు. లక్షల సార్లు గీసిన చేయి కొండను తనదిగా చేసుకుంది. కంటితో చూస్తేనే స్ఫూర్తి అనుకునేవాళ్లు ఈ కూజాల ముందు కాసేపు ఆగి ఆలోచించాలి.

ఇదే ఊరికి 1924లో కుమ్మరి హమదా షోజీ వచ్చి స్థిరపడ్డాడు. అప్పటికి ఆయన వయసు ముప్పైకి దగ్గర పడుతోంది. మట్టిపనిని శాస్త్రంగా చదువుకున్నాడు. 1920లో ఆంగ్ల కుమ్మరి బెర్నార్డ్ లీచ్‌తో కలిసి ఇంగ్లాండ్ పడమటి కొసన కార్న్‌వాల్‌లోని సెయింట్ ఐవ్స్‌లో పాటరీ పెట్టాడు. పాశ్చాత్య దేశాల్లో మెట్ల ఆవం, అంటే వాలు మీద అరలు అరలుగా మెట్లలా లేచే ఆవం, కట్టడం అదే మొదలు. చెట్లు అరుదైన ఆ సముద్రపు ఒడ్డున కట్టెలు, మట్టి, పూతకు కావలసిన సరుకు అన్నీ వెతుక్కోవలసి వచ్చింది. ఆ మూడేళ్లలో ఆయన నేర్చుకున్నదేమిటో మషికోలో ఆయన చేసిన పని చెబుతుంది. ఊరి మట్టే వాడాడు. దగ్గర్లో దొరికే రాయిని పొడి చేస్తే పండిన పెర్సిమన్ పండు రంగు పూత వచ్చింది. వరి ఊక బూడిదతో పాలలాంటి తెల్ల పూత. పొయ్యి బూడిదతో ఇంకొకటి. కుంచెలకు కుక్క వెంట్రుకలు. కొనుక్కొచ్చిన రంగు డబ్బాల మీద ఆధారపడకుండా ఊరి చుట్టుకొలతలోనే తన రంగులన్నీ సంపాదించుకున్నాడు.

మరి ప్రయాణాలు? హమదా అంత తిరిగిన కుమ్మరి అరుదు. అందులో ఆయన్ని విడవకుండా పట్టుకున్న చోటు ఒకినావా. 1918లో మిత్రుడు కవాయి కంజిరోతో మొదటిసారి వెళ్లాడు. మషికో చేరిన ఏడాదే భార్యతో కలిసి మళ్లీ వెళ్లి, నాహాలోని త్సుబొయా కుమ్మరి వాడలో చలికాలమంతా ఉండి పనిచేశాడు. 1682లో, అప్పట్లో ఒకినావాను ఏలిన ర్యూక్యూ రాజులు కుమ్మరులందరినీ ఒకచోట చేర్చి కట్టించిన వాడ అది. ఆ దీవి పొలాల్లో గాలికి ఊగే చెరకు హమదా కంట్లో పడింది. దాన్ని మూడు నాలుగు కుంచె గీతలుగా మార్చుకున్నాడు. నిలువుగా ఒక కాడ, అటూ ఇటూ వంగిన ఆకులు. ఆ తర్వాత యాభై ఏళ్లపాటు ఆ చెరకు గీతే ఆయన పళ్లేల మీద, సీసాల మీద, గిన్నెల మీద వస్తూనే ఉంది.

వరసగా ఆ చెరకు బొమ్మలు చూస్తూ పోతే మొదట్లోవాటిలో చెరకు స్పష్టంగా ఉంటుంది. పోనుపోను ఆకు తగ్గి ఊపు మిగులుతుంది. నేను వెంటతెచ్చుకున్న ప్రశ్నకు జవాబు నాకు ఇక్కడే దొరికింది. హమదా ఒకినావా నుంచి తెచ్చుకున్నది ఒక్క ఆకారం. దాన్ని గీసింది ఊరి పూతతో, ఊరి మట్టి మీద, ఊరి కట్టెలతో కాల్చిన ఆవంలో. దూరాన ఒక దీవిలో చూసిన దృశ్యం ఈ ఊరి నేలలో యాభై ఏళ్లు వేళ్లూనుకుంది కాబట్టే అది పర్యాటకుడి గుర్తుగా మిగిలిపోలేదు. ఒక సెలవు తిరిగొచ్చి ఆ సీజన్‌కంతా సముద్రం పేరుతో నీలం గిన్నెలు, తర్వాతి సీజన్‌కు ఎడారి పేరుతో పసుపు గిన్నెలు చేసే పద్ధతికీ దీనికీ మధ్య ఉన్న దూరం అదే. యువ కళాకారులు ప్రయాణాలు చేయాలి. కానీ తిరిగొచ్చాక తాము నిలబడిన చోటి మట్టేమిటో, బూడిదేమిటో అంతకన్నా శ్రద్ధగా తెలుసుకోవాలి.

1955లో హమదా కూడా సజీవ జాతీయ సంపద గుర్తింపు అందుకున్నాడు. 1978లో కన్నుమూశాడు. 2011 మార్చి 11 భూకంపంలో మషికో ఆవాలు చాలావరకు కూలిపోయాయి. హమదా మెట్ల ఆవం కూడా దెబ్బతింది. ఊరి కుమ్మరులు చేతులు కలిపి దాన్ని బాగుచేశారు. 2015లో మళ్లీ పాత్రలు పేర్చి నిప్పు పెట్టారు. చాలాకాలంగా చల్లబడి ఉన్న ఆవం అలా మళ్లీ వేడెక్కింది.

మషికోలో 1966 నుంచి ఏటా వసంతంలోనూ శరదృతువులోనూ కుండల జాతర జరుగుతోంది. వందల గుడారాలు, జనం కిటకిట. మంచి పాత్రలు సరసమైన ధరకే దొరుకుతాయి, కొనుక్కోండి. కానీ అంగళ్లతోనే రోజు గడిపేయకండి. హమదా తన ఇంటి ఆవరణలోనే 1977లో తెరిచిన సాన్‌కోకాన్ మ్యూజియానికి ఒక పూట ఉంచుకోండి. తన ప్రయాణాల్లో ముచ్చటపడి సేకరించుకున్న కుర్చీలు, బట్టలు, కుండలు అక్కడ ఉన్నాయి. తన పనికి కొలమానంగా పెట్టుకున్న వస్తువులవి. ముందు వాటిని చూడండి, తర్వాత ఆయన పళ్లేలు చూడండి, ఆ తర్వాత వెనక వాలులో ఉన్న ఆవం దగ్గరికి వెళ్లండి.